తరములు దాటి వచ్చిన పుస్తకములు

పుస్తక పఠనము వలన బుద్ధి వికసించునని చెప్పని పెద్దలు లేరు. కాని ఏ పుస్తకము వలన బుద్ధి వికసించును, దేని వలన ప్రొద్దు మాత్రమే గడచును అని యువకుడు పట్టుపట్టి అడిగినప్పుడు, ఆ పెద్దలలో పెక్కురు "మంచివి చదువుము నాయనా" అని మాట దాటవేయుదురు. తన్ను తాను దిద్దుకొనగోరువానికి ఆ సలహా చాలదు. అచ్చుయంత్రము వచ్చిన నాటినుండి పుస్తకములకు కొదువ లేదు, ఆయుర్దాయమునకే కొదువ. నెలకు రెండు పుస్తకముల చొప్పున నలువది యేండ్లు ఎడతెగక చదివినను వేయి పుస్తకములు పూర్తి కావు. ఆ వేయింటిలో వేనికి చోటీయవలెనన్నది తీరిక వేళ తేల్చుకొను విషయము కాదు. జీవితమున అంత భాగమును ఎవరి సాంగత్యమున గడపుదుమన్న ప్రశ్నయే అది.

ఈ అధ్యాయమున నేను చెప్పదలచినది ఒక్కటే. తరములు దాటి వచ్చిన పుస్తకము, పెద్దలు ఉద్గ్రంథమని గౌరవముగా పిలుచు పుస్తకము, ఒకమారు చదివి అలమారులో పెట్టివేయుటకు పుట్టినది కాదు. చదువరి వయస్సు మారినకొలది తానును క్రొత్త ముఖము చూపుచు, బ్రదుకు పొడుగునను పలుమారులు అతని యెదుట నిలిచి మాటాడగల శక్తియే దాని ప్రధాన లక్షణము. ఈ లక్షణమును గుర్తించినవానికి ఆ గ్రంథములను ఏల చదువవలెనో వేరుగ చెప్పనక్కరలేదు. ఎట్లు చదువవలెనో మాత్రము కొంత చెప్పవలసియున్నది.

పాతదగుట చేతనే ఏ గ్రంథమును ఉద్గ్రంథము కాదు. తాటాకుల మీద వ్రాసిన జాతకములు, జమాఖర్చు చిట్టాలు, దానపత్రములు ఎంతటి పురాతనములైనను చరిత్రకారునకు పనికివచ్చును గాని, చదువరి హృదయమునకు పనికిరావు. పాఠ్యగ్రంథముగ నిర్ణయింపబడుట చేతనైనను కాదు. నిర్బంధము వలన చదివిన పుస్తకమును పరీక్ష ముగిసిన మరునాడే మరతుము. మరచుటయే గాక దానిపై ఒక విధమైన పగ గూడ పెంచుకొందుము. పదునైదేండ్ల బాలుని ముందు ఒక పద్యమును పెట్టి, దాని నాదము వాని చెవికి సోకకమునుపే ప్రతిపదార్థమును వల్లెవేయించి, సమాసమునకు విగ్రహవాక్యము చెప్పించి, అలంకారమునకు పేరు వ్రాయించి, ఇన్ని మార్కులని లెక్కగట్టినచో, వాడు ఆ కవిని జన్మలో మరల తాకడు. మన యువకులకు పూర్వకావ్యములపై గల వైముఖ్యమునకు సగము కారణము ఇదియేయని నేను గట్టిగా నమ్ముచున్నాను. లోపము కావ్యమున లేదు, బాలునియందు అంతకంటె లేదు. వారిరువురకు జరిగిన తొలి పరిచయమునందున్నది.

ఉద్గ్రంథమనగా నేమి యని అడిగినవారు అన్ని దేశములందును కలరు. ఫ్రెంచి విమర్శకుడు సాంత్ బవ్ 1850లో ఈ ప్రశ్ననే శీర్షికగ నిలిపి ఒక వ్యాసము వ్రాసి, మనుష్యచిత్తమును నిజముగ సంపన్నము చేసి, తనదైన శైలిలో మాటాడుచునే అన్ని కాలములవారికి సమకాలికుడుగ తోచు రచయితకు ఆ గౌరవము చెల్లునని నిర్ణయించెను. 1944లో, యుద్ధము ఇంకను ముగియని లండను నగరమున, వర్జిల్ కవి పేర నెలకొన్న సంఘమునందు ప్రసంగించుచు టి. ఎస్. ఎలియట్ పరిపక్వత అను గుణమును ముందు పెట్టెను. నాగరకత పండి, భాష పండి, కవి మనస్సు పండినప్పుడే అట్టి గ్రంథము పుట్టునని ఆయన వాదము. ఈ రెండును లోతైన మాటలే. అయినను, జీవితమును తీర్చిదిద్దుకొనగోరు చదువరికి వీనికంటె దగ్గరగ నుండు మాటను కాశ్మీర దేశీయుడైన మమ్మటుడు తన కావ్యప్రకాశమున ఎన్నో శతాబ్దులకు పూర్వమే చెప్పియున్నాడు. వేదము ప్రభువువలె శాసించును, పురాణేతిహాసములు మిత్రునివలె హితము చెప్పును, కావ్యము ప్రియురాలివలె మనస్సును కరగించి తన దారికి త్రిప్పుకొనును అని ఆయన ఉపదేశమును మూడు తెరగుల విభజించెను. శాసనమునకు భయపడి మనుష్యుడు కొంతకాలము నడచును. హితవాక్యమును విని తల యూపి మరచును. మనస్సు కరగినప్పుడు మాత్రము, తనకు తెలియకుండగనే, మారును.

ఇక మన దేశమున ఒక గ్రంథము తరములు దాటుట ఎంత కష్టసాధ్యమో, తాళపత్ర గ్రంథమును చేత పట్టి చూచినవారికి తెలియును. ఎండబెట్టి, మెరుగుపెట్టి, ఒక కొలతకు కోసిన ఆకును ఎడమచేత పట్టుకొని, కుడిచేతి గంటముతో అక్షరములను గీచుకొనుచు పోవలెను. గీచినది కంటికి ఆననందున పైని మసి పూసి తుడువవలెను. చేతిబలము కొంచెము హెచ్చెనా ఆకు చినుగును, తగ్గెనా అక్షరము పడదు. ఇంత శ్రమించి వ్రాసిన ప్రతిని తేమ పాడుచేయును, చెదలు తినును, పురుగు తొలిచివేయును. కొన్ని తరములకొకమారు మరల ఎవరో ఒకరు కూర్చుండి మొదటి ఆకునుండి కడపటి ఆకువరకు ఎత్తి వ్రాసినగాని గ్రంథము నిలువదు. కావున పదునొకండవ శతాబ్దమున రాజమహేంద్రవరమున నన్నయభట్టు చెప్పిన పద్యము నేడు మన చేతిలో నున్నదన్నచో, నడుమ ఏ కాలమునందును ఇది ఇంతటి శ్రమకు తగినదని తలచినవాడు పూర్తిగ లేకపోవుట సంభవింపలేదన్నమాట. పేరైనను మిగిలిపోని ఆ వ్రాయసకాండ్ర తీర్పును, వ్రాయించినవారి తీర్పును, నేను విమర్శకుల తీర్పుకంటె మిన్నగ గౌరవింతును. విమర్శకుడు మాటలతో మెచ్చును. వారు కండ్లను, వ్రేళ్లను, దినములను ధారపోసి మెచ్చిరి.

మెచ్చి ఊరకొన్నవారు కారు, తెగినచోట అతికినవారును కలరు. నన్నయ అరణ్యపర్వము నడుమ భారతమును విడిచిపోయెను. పదుమూడవ శతాబ్దమున నెల్లూరి తిక్కన విరాటపర్వము మొదలుకొని కడవరకు పదునైదు పర్వములను రచించెను. నడుమ మిగిలిన ఖాళీని పదునాలుగవ శతాబ్దమున ఎర్రన పూరించి, ఆ భాగమును తన ప్రభువునకు గాక నన్నయ ప్రభువైన రాజరాజనరేంద్రునికే అంకితము చేసెను. మూడు వందల యేండ్ల యెడము గల ముగ్గురు కవులు ఒకే గ్రంథమునకు పనిచేసిన తీరిది. పోతన భాగవతమున శిథిలములైన స్కంధములను గంగన, ఏర్చూరి సింగన, వెలిగందల నారయ పూరించిరి. పందొమ్మిదవ శతాబ్దమున ఛార్లెస్ ఫిలిప్ బ్రౌను కడపలో జీతములిచ్చి పండితులను కూర్చుండబెట్టి, ఒక్కొక్క గ్రంథమునకు పలు ప్రతులు తెప్పించి, పాఠములను పోల్చి చూపించి, శుద్ధప్రతులు వ్రాయించెను. వేమన పద్యములను 1829లో ఆంగ్లానువాదముతో అచ్చొత్తించెను. 1854లో చెన్నపట్టణమున వెలసిన వావిళ్లవారి ముద్రాక్షరశాల ఆ పనిని ఇంటింటికి చేర్చెను. అందరి భాగ్యమును ఇట్లు పండలేదు. నన్నెచోడుని కుమారసంభవము శతాబ్దుల తరబడి ఎవరి నోటను వినబడక, తంజావూరి గ్రంథాలయమున పడియుండి, మానవల్లి రామకృష్ణకవిగారి కంటబడి 1909లోగాని వెలుగు చూడలేదు. కాబట్టి కాలము ఇచ్చు తీర్పు అమోఘమని నేననను. తప్పిపోయినవి తప్పక కలవు. కాని నిలిచినవి ఊరక నిలువలేదు.

నిలుచుటకు కారణమేమి? విషయము గొప్పదగుటయా? ఆ మాట నిజము కాదని కన్యాశుల్కము సాక్ష్యమిచ్చుచున్నది. విజయనగర ప్రభువు ఆనంద గజపతి ఆనాడు విశాఖపట్టణ మండలమున మూడేండ్లలో సొమ్ము పుచ్చుకొని చేసిన ఆడపిల్లల పెండ్లిండ్లకు ఒక పట్టిక తయారు చేయింపగా, వాని సంఖ్య వేయికి మించినది. ఆ దురాచారమును రూపుమాపవలెనను సంకల్పముతోనే గురజాడ అప్పారావుగారు నాటకము వ్రాసిరి. 1892లో అది విజయనగరమున ఆడబడినది, 1897లో అచ్చయినది. అంతటితో తృప్తి చెందక, దానిని దాదాపుగ క్రొత్త నాటకమన్నంతగ తిరుగవ్రాసి 1909లో రెండవ కూర్పును వెలువరించిరి. నేడు ఆ ఆచారము లేదు. ఆ పట్టికను తెరచి చూచువారు లేరు. సంస్కరణమే దాని ప్రాణమైనచో ఆచారముతో పాటు నాటకమును అంతరింపవలసియుండెను. కాని గిరీశము బ్రదికియున్నాడు. చక్కని మాటలతో తన సోమరితనమును సంస్కారముగ చెలామణి చేయువాడు ప్రతి ఊరను, ప్రతి కచేరిలోను నేటికిని కనబడుచున్నాడు. మధురవాణి బ్రదికియున్నది, లోకము తన్ను తక్కువగ చూచుచుండగ, లోకముకంటె ఎక్కువ నీతితో ప్రవర్తించు మనుష్యులు నేటికిని కలరు. పుట్టుటకు కారణమైన ప్రయోజనము తీరిపోయిన పిదప ఒక గ్రంథమున ఏమి మిగులునో, అదియే దాని అసలు సత్త్వము.

వయస్సుతో పాటు గ్రంథము మారునంటిని. దీనిని ఉదాహరణ లేక నమ్మించుట కష్టము గనుక, ఉద్యోగపర్వమును కొంత నెమ్మదిగ పరికింతము.

కథ అందరును ఎరిగినదే. పాండవులు అరణ్యవాసమును, అజ్ఞాతవాసమును ముగించి తమ పాలు అడిగిరి, కడకు అయిదూళ్లిచ్చినను చాలుననిరి, దుర్యోధనుడు సూదిమొన మోపునంతయు ఈయననెను, యుద్ధము నిశ్చయమయ్యెను. పర్వమంతయు రాయబారములే. ద్రుపదుని పురోహితుడు హస్తినకు వచ్చును, సంజయుడు పాండవుల కడకు పోవును, కడపట శ్రీకృష్ణుడే దూతయై బయలుదేరును. పదునెనిమిదేండ్లవాడు దీనిని తెరచినచో, కృష్ణుని మాటల నేర్పునకు, విడిన కురులను చేతబట్టి చూపి ద్రౌపది పలికిన పలుకుల వేడికి, కురుసభలోని ఉద్రిక్తతకు ముగ్ధుడగును. ఊరిలో రాత్రులు మేల్కొని రాయబార నాటకములు చూచి పెరిగినవాడైనచో మరింత ముగ్ధుడగును. వాని దృష్టిలో ధృతరాష్ట్రుడు కథకు అడ్డుగ కూర్చున్న ఒక అంధవృద్ధుడు. విదురుని నీతులు ఎప్పుడు ముగియునా యని వాడు ఆకులు త్రిప్పును. అది తప్పు కాదు. ఆ వయస్సున చదువవలసిన తీరు అదియే.

ఆ చదువరియే పెండ్లాడి, బిడ్డలు కలిగి, వారిలో ఒకడు పెడదారి పట్టుట కండ్లార చూచుచు, నలువదియైదవ ఏట ఆ పర్వమును మరల తెరచెననుకొనుడు. సంజయుడు పాండవులతో మాటాడి రాత్రివేళ తిరిగివచ్చి, రాజును నాలుగు నిష్ఠురములాడి, ధర్మరాజు చెప్పిపంపిన మాటను రేపు సభలో చెప్పెదనని ఇంటికి పోవును. ఆ మాట ఏమై యుండునో యను తలంపు ముసలిరాజును నిద్రపోనీయదు. విదురుని పిలిపించును. విదురుడు వచ్చి, లోకమున నిద్ర పట్టనివారు ఎట్టివారో వరుసగ చెప్పి, వారిలో దొంగను గూడ చేర్చి, ఇందులో నీ బాధ ఏదియని అడుగును. పరధనమునకు ఆసపడి తపించుటలేదు గదా యనియు అడుగును. ఆ ప్రశ్నలోని పదును పదునెనిమిదేండ్లవానికి తగులదు. రాత్రియంతయు విదురుడు చెప్పుచుండును, రాజు వినుచుండును. నీవన్నది సత్యమనును, నా బుద్ధియు అట్లే పలుకుచున్నదనును, కాని దుర్యోధనుని చెంత చేరినంతనే నా మనస్సు మరలిపోవుచున్నదనును. తెలియక చెడినవాడు కాడు ధృతరాష్ట్రుడు, తెలిసియు చేయలేక చెడినవాడు. కొడుకు చేసిన తప్పును పదిమందిలో కప్పిపుచ్చి, ఇంటికి వచ్చి భార్య యెదుట ఒప్పుకొన్న తండ్రి ఎవడైనను ఆ పుటలను తేలికగ త్రిప్పలేడు. వెనుక ఆకులు త్రిప్పిన చోటనే ఇప్పుడు చూపు ఆగిపోవును. గ్రంథమున ఒక్క అక్షరము మారలేదు.

అదే పర్వమున ఇంకొక చోటు కలదు. యుద్ధము తప్పదని తేలిన పిదప కుంతి ఒంటరిగ గంగయొడ్డునకు పోవును. కర్ణుడు తూర్పు మొగమై జపము చేసికొనుచుండును. జపమునకు భంగము చేయక ఆమె అతని వెనుక నిలిచియుండును, ఎండ ముదురును, తాళలేక ఆ కొడుకు ఉత్తరీయపు నీడలోనే నిలుచుండును, వీపు కాగువరకు జపము సాగించి, వెనుకకు తిరిగిన కర్ణునకు అప్పుడామె కనబడును. పుట్టిననాడే నీట విడిచిన బిడ్డ నీడలో, వాని పిలుపునకై, ఒక తల్లి ఎదురుచూచుచున్నది. వ్యాసుడు దీనిని చెప్పుటకు ఎక్కువ మాటలు వాడలేదు, ఆమె పశ్చాత్తాపమును వర్ణింపలేదు. వృద్ధాప్యమున, బిడ్డలు దూరదేశములందుండగ, ఈ ఘట్టమును చదువువారికి ఆ నీడ ఎంత చల్లనిదో, ఎంత వేడిదో వేరుగ చెప్పనక్కరలేదు. వయస్సు వచ్చినవాడు కుంతిని క్షమించుటయు, క్షమింపలేకపోవుటయు ఈ చోటనే జరుగును.

ఉద్గ్రంథముల వలన కలుగు ప్రయోజనము ఎట్టిదో దీనిని బట్టి ఊహింపవచ్చును. ఇది చేయుము, అది మానుము అని చెప్పు పుస్తకములు అవసరమే. ఈ పుస్తకమును అందులకే వ్రాయుచున్నాను. కాని మనుష్యుని జీవితమున పెక్కు పతనములు తెలియకపోవుట వలన జరుగుటలేదు. తెలిసియు బలము చాలక జరుగుచున్నవి. ఆ బలహీనతను ఒక నియమావళి చూపలేదు, ధృతరాష్ట్రుడు చూపగలడు. మరియు, మన కాలమునకు కొన్ని మూఢవిశ్వాసములు కలవు, పూర్వకాలమునకు కొన్ని ఉండెను. మన కాలపు పుస్తకములను మాత్రమే చదువువానికి తన కాలపు మూఢత్వము గాలివలె కనబడదు. వేయేండ్ల నాటి మనుష్యుడు దేనికి సిగ్గుపడెనో, దేనికి సిగ్గుపడలేదో చూచినప్పుడు, మనము దేనికి సిగ్గుపడుట మానివేసితిమో తెలియవచ్చును. భాషాలాభము సరేసరి. తన దుఃఖమునకు, తన అసూయకు, తన సంకోచమునకు సరియైన మాట దొరకనివాడు వానిని అదుపులో పెట్టుకొనలేడు. తిక్కన పాత్రలు పరస్పరము మాటాడుకొను తీరును వినుచుండినచో, సభలో ఎట్లు నొప్పింపక కాదనవలెనో, ఎట్లు తగ్గక ఒప్పుకొనవలెనో నాలుకకు తెలియకుండగనే అలవడును.

ఇప్పుడు చదువు తీరు. మొదటి నియమము: మొత్తము గ్రంథమును చూచి భయపడవలదు. భారతము పదునెనిమిది పర్వములు. ఆ సంఖ్యయే చాలమందిని గుమ్మమునందే నిలిపివేయును. ఒక ఉపాఖ్యానమును గాని ఒక రాయబారమును గాని ఎన్నుకొని, అది ఒక్కటియే గ్రంథమనుకొని చదువవలెను. దినమునకు మూడు నాలుగు పద్యములు, ఇరువది నిమిషముల కాలము. అంతకు మించి ఆరంభమున అక్కరలేదు. ఒకనాడు నూరు పద్యములు చదివి వారము దినములు ముట్టకుండుటకంటె ఇది వేయిరెట్లు మేలు.

రెండవది అన్నిటికంటె ముఖ్యమైనది: పైకి చదువవలెను. మన పద్యము కంటి కొరకు పుట్టలేదు. పూర్వము సాయంకాలమున రామాలయపు మంటపమున పురాణము చెప్పు శాస్త్రిగారి చుట్టును చేరినవారిలో అక్షరము వచ్చినవారు ఎందరు? అయినను భాగవతము వారిది కాకపోలేదు, ఏలయన అది చెవిద్వారమున ప్రవేశించెను. మొదట పద్యమును అర్థముతో నిమిత్తము లేక, యతిప్రాసలు చెవికి తగులునట్లు, ఒకటి రెండు పర్యాయములు నోరార చదువవలెను. పిదప క్రియాపదము ఎక్కడనున్నదో వెదుకవలెను; తెలుగు పద్యమున అది సాధారణముగ కడపట నుండును, ఎవరు అను ప్రశ్నకు జవాబు రెండు పాదముల వెనుక దాగియుండును. పాదము ముగిసినచోట మాట ముగియదనుటయు గుర్తుంచుకొనవలెను. ఒక పాదము చివర సగము విరిగిన మాట తరువాతి పాదమున పూర్తియగును. పాదాంతమున నిలుపువానికి అర్థము చెడును, భావమునుబట్టి నిలుపువానికి విడివడును. ఈ కొంచెము పని చేసినపిదప మూడవమారు పైకి చదువుడు. మొదట వట్టి మ్రోతగ వినబడినది ఇప్పుడు ఒక మనుష్యుని కంఠముగ వినబడును. ఆ మార్పును ఒక్కమారు అనుభవించినవానికి ఇక ఎవరును పద్యమును చదువుమని చెప్పనవసరము లేదు.

వ్యాఖ్యానమును ఎప్పుడు చూడవలెను? మీరు ఒకమారు తడవుకొని చూచిన తరువాత. ముందే తాత్పర్యము చదివినచో పద్యము దానికి అలంకారముగ మిగిలిపోవును. తిరుమల తిరుపతి దేవస్థానమువారు ప్రతిపదార్థ తాత్పర్యములతో ప్రకటించిన కవిత్రయ భారత సంపుటములు సామాన్య చదువరికి గొప్ప ఆసరా. బహుజనపల్లి సీతారామాచార్యులుగారి శబ్దరత్నాకరము ప్రక్కన నుండిన మరియు మేలు. కొనలేనివారికి గ్రంథాలయములు కలవు. వేటపాలెమున 1918లో వెలసిన సారస్వత నికేతనము, హైదరాబాదున 1901లో నెలకొన్న శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము వంటివి, ఒకరి చేతి పుస్తకము పదిమంది చేతికి అందవలెనని మన పెద్దలు చందాలెత్తి కట్టినవి. అచ్చట కూర్చుండి చదువుట వారి ఋణమును కొంత తీర్చుటయే. చదివిన భాగపు అంచున పెన్సిలుతో తేదీని వ్రాసికొను అలవాటు చేసికొనుడు. పుస్తకము గ్రంథాలయమునదైనచో నోటుపుస్తకమున వ్రాసికొనుడు. ఏ పద్యమునొద్ద ఆగితిరో, ఎవరిపై కోపము వచ్చెనో, ఒక్క వాక్యము చాలును. పదేండ్ల పిదప అదే ఘట్టమునకు తిరిగివచ్చినప్పుడు ఆ వాక్యము మీకు గ్రంథమును గూర్చి గాక మిమ్ము గూర్చి చెప్పును. వ్యక్తిత్వ పరిశీలనమునకు ఇంతకంటె నమ్మదగిన దినచర్యను నేనెరుగను.

ఉద్గ్రంథమును గౌరవించుటయనగా దానిలోని ప్రతి మాటకు తల యొగ్గుటయని కొందరు భ్రమపడుదురు. అట్లు చదువుట గ్రంథమునకే అవమానము. ఆదిపర్వమున ద్రోణుడు ఏకలవ్యుని బొటనవ్రేలు అడుగును. ఆ ఘట్టమును చదివి మనస్సు మండనివాడు చదివినవాడు కాడు. సభాపర్వమున ద్రౌపది అడిగిన ప్రశ్నకు భీష్ముడంతటివాడు సూటిగ జవాబు చెప్పలేకపోవుట చూచి, పెద్దలైనందుకు ఊరకొందుమా? స్త్రీలను గూర్చియు, కులములను గూర్చియు మన పూర్వగ్రంథములలో నేడు అంగీకరింపరాని మాటలు పెక్కులు కలవు. వానిని దాచిపెట్టి చదువుటయు, వాని కొరకు గ్రంథమునంతను పారవేయుటయు రెండును పిరికితనములే. కట్టమంచి రామలింగారెడ్డిగారు కవిత్వతత్త్వ విచారమున ప్రబంధకవులను ఎంత నిర్దాక్షిణ్యముగ పరీక్షించిరో చదివినవారెరుగుదురు. ఆ దెబ్బలకు కావ్యములు చావలేదు, చదువరుల కండ్లు తెరువబడినవి. తర్కమునకు ఓర్చుకొనలేనిది ఉద్గ్రంథమెట్లగును? పైగా, ఏకలవ్యుని పక్షమున మనకు కలుగు కోపమునకు కావలసిన సామగ్రినంతను భారతమే మన చేతికందించినది గదా. ఒంటరిగ వాదించుకొనుటకంటె ఒక మిత్రునితోనో, ఇంటిలో భార్యాబిడ్డలతోనో కలసి చదివి వాదించుట మరింత ఫలవంతము. పిల్లలు అడుగు ప్రశ్నలు వ్యాఖ్యాతలకు తోచవు.

ఎక్కడ మొదలుపెట్టవలెనని అడుగువారికి నా సలహా ఇది. పద్యమునకు కొత్తవారు తిక్కన ఉద్యోగపర్వముతో గాని, విరాటపర్వమున కీచకవధ ఘట్టముతో గాని ఆరంభింపవలెను. సంభాషణ ఎక్కువ, మాటలు తేట, కథ చేయిపట్టి నడపును. పిదప పోతన గజేంద్రమోక్షమును, ప్రహ్లాద చరిత్రమును పైకి చదువుచు కొంతకాలము గడపవచ్చును. అవి ఇదివరకే పెద్దల నోట విన్నవై యుండును గనుక శ్రమ తక్కువ. ఆ తరువాత నన్నయ శకుంతలోపాఖ్యానము. పెద్దన మనుచరిత్రమున ప్రవరుడు హిమాలయమునకు పోవుటయు, కాలి లేపము మంచునకు కరగి దారి తోచక నిలుచుటయు, వరూధిని యెదుట ఇల్లు తలచి తలచి పరితపించుటయు నవలవలె సాగిపోవును. అది చాలమంది అనుకొన్నంత కఠినము కాదు. గద్యమున కన్యాశుల్కమును, ఉన్నవ లక్ష్మీనారాయణగారి మాలపల్లిని ఒకదాని వెంట ఒకటి చదివినచో అర్ధశతాబ్దపు తెలుగు జీవితము కంటికి కట్టును. పేరు ప్రతిష్ఠలను నమ్మి వసుచరిత్రముతో మొదలుపెట్టి, శ్లేషల చిక్కులలో పడి, ఇక పూర్వకావ్యములు తమకు కావని విరమించుకొన్న బుద్ధిమంతులను నేను ఎరుగుదును. దానిని కొన్నేండ్లు వెనుకకు నెట్టుడు. అప్పటికి నిఘంటువుతో చనువు ఏర్పడియుండును, చెవి పదునుపడియుండును, ఒక పద్యముపై ఒక సాయంకాలము వెచ్చించుట విడ్డూరముగ తోచదు. వసుచరిత్రమునకు తగిన సమయము అది.